లేని రూపాయి

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక, మూడో అంతస్తులో
ఫ్యాను తిరగని గదిలో యాభై మందిమి.
సారు బోర్డు మీద రెండు మాటలు రాశాడు:
ఇస్సెట్. ఎంప్టీ.
"మొదటిది డబ్బా చేరిందా అని అడుగుతుంది.
రెండోది మూత తీసి చూస్తుంది.
ఇంటర్వ్యూలో అడుగుతారు, రాసుకోండి."
రాసుకున్నాను.
అడిగారు, చెప్పాను.
తర్వాత పదకొండేళ్లు ఎవరూ అడగలేదు.

మొన్న గురువారం ఎర్రగడ్డ నుంచి ఫోన్.
రైతుబజారు పక్క సందులో దరఖాస్తులు నింపే ఖలీల్.
"మేడమ్, మీ ఫారం సున్నా తీస్కుంటలేదు.
ఆదాయం కాడ సున్నా కొడితే
ఈ గడి ఖాళీగా ఉంది అని ఎర్రగ చూపిస్తుంది.
ఒకటి కొట్టనా? ఒక్క రూపాయే గదా."
వెనక నుంచి ఒక ఆడగొంతు,
మెట్రో పోతున్న చప్పుడు మీదుగా:
"లేని రూపాయి ఎట్ల రాస్తవ్ బిడ్డా?
రేపు ఎవలన్న వచ్చి ఆ రూపాయేదీ అంటే
నేనేడికెల్లి తేవాలె?"

ఆ రాత్రి మూసాపేటలో, పిల్లాడు నిద్రపోయాక,
లాగ్ ఫైలు తెరిచాను.
పేరు: ఈదమ్మ. వయసు: యాభై ఎనిమిది.
ఆదాయం: సున్నా. తిప్పి పంపాం.
ఆదాయం: సున్నా. తిప్పి పంపాం.
తొమ్మిదిసార్లు.
ఆమె ప్రతిసారీ జవాబు చెప్పింది.
నేను రాసిన ఒక్క లైను
ప్రతిసారీ, నువ్వేం చెప్పలేదు, అంది.
ఎంప్టీకి సున్నా అన్నా ఖాళీయే.
సారు ఇది కూడా చెప్పే ఉంటాడు.
ఆ పూట నేను కిటికీలోంచి
కింద జిరాక్సు షాపు క్యూ చూస్తూ ఉన్నానేమో.

సొంత ఇల్లు ఉందా అన్న గడిలో టిక్ పెట్టలేదామె.
టిక్ పెట్టని గడి బయలుదేరనే బయలుదేరదు.
లేదు అని చెప్పడానికైనా
ఒక మాట దారి నడిచి రావాలి కదా,
అది రాదు.
అడిగామన్న గుర్తు కూడా
సర్వరు దగ్గర ఉండదు.

ఇక భర్త పేరు.
ఆ గడి నిండింది, పచ్చగా దాటింది.
దగ్గరగా చూస్తే అందులో
మూడు స్పేసులు.
మూడు ఖాళీలను నిండుదనం అనుకుని
ఒక నిండు సున్నాను ఖాళీ అనుకుని
నా ప్రోగ్రాం
రెండేళ్లుగా ఈ ఊళ్లో మనుషుల్ని తూస్తోంది.

ఊరికే, చూద్దామని, వెతికాను:
ఆదాయం ఒక రూపాయి అని రాసినవాళ్లు ఎందరు?
రెండు వందల పద్నాలుగు మంది.
బోరబండ, రహమత్‌నగర్, చింతల్, జగద్గిరిగుట్ట.
ఏడాదికి సరిగ్గా ఒక్క రూపాయి సంపాదించేవాళ్లు
ఇంతమంది ఒక్క నగరంలో!
ఎవరూ వచ్చి, ఆ రూపాయేదీ, అనలేదు.
నేనూ అనలేదు, ఇన్నాళ్లూ.

ఎంప్టీ తీసేశాను.
పొడవు ఎంతో కొలవమన్నాను:
సున్నాకి కూడా ఒక అక్షరం పొడవుంటుంది.
ఇరవై నిమిషాల పని,
అందులో పదిహేను టీ కాచుకోవడానికే.
ఆ రెండు వందల పద్నాలుగు రూపాయల్ని మాత్రం ముట్టుకోలేదు.
మళ్లీ వాళ్లని అడక్కుండా
వాళ్ల నోట మాట మార్చడం
ఇంకోసారి అదే తప్పు.

పొద్దున్నే ఖలీల్:
"తీస్కుంది మేడమ్! సున్నా తీస్కుంది.
ఆమె చెయ్యెత్తి దండం పెడుతుంది స్క్రీనుకి."
నేను సిగ్గుపడి మాట మార్చాను:
భర్త పేరు దగ్గర మూడు స్పేసులేంటి ఖలీల్?
కాసేపు ఏమీ అనలేదు.
"మూడుసార్లు అడిగిన మేడమ్.
మూడుసార్లూ సప్పుడు చెయ్యలే.
అడిగినప్పుడల్లా ఒకటి కొట్టిన."

ట్రిమ్ అని ఒక మాట చేరిస్తే చాలు,
ఆ మూడూ ఊడిపోతాయి,
గడి ఎర్రబడుతుంది,
ఎవరో ఆమెని నాలుగోసారి అడుగుతారు.

టికెట్ నా పేరు మీదే ఉంది.
ఇవాళ శుక్రవారం.
దాన్నింకా ముట్టుకోలేదు.
ముందు ఆ గడి పక్కనున్న చుక్క గుర్తు
ఎవరు పెట్టమన్నారో కనుక్కోవాలి.